మేస్త్రీ లేని కట్టడం: మెదడు పుట్టుక మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఎలుక పిండం మెదడు గురించి రాసిన రెండు పేజీలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ముప్పయ్యేళ్లు ఒక ప్రయోగశాలలో కూర్చుని పిండాల మెదళ్లను పల్చగా కోయడం, రంగు పట్టించడం, మైక్రోస్కోపు కింద పెట్టి చూడటం, ఇదే నా ఉద్యోగం. ‘ఏం పనమ్మా నీది?’ అని చుట్టాలడిగితే ఏనాడూ సరిగ్గా చెప్పలేకపోయాను. ఉత్తరాలన్నిటికీ చోటు లేదు. ఆరింటికి జవాబిస్తున్నాను. మొదటిది నా తప్పు పట్టుకున్న ఉత్తరం, దాన్ని దాచేస్తే బాగుండదు.

ప్రశ్న: మనిషి మెదడులో పదివేల కోట్ల న్యూరాన్లు, అంటే నాడీకణాలు, ఉంటాయని రాశారు. నేను చదివిన పుస్తకంలో 8,600 కోట్లని ఉంది. ఏది నమ్మాలి? – ఒక సైన్సు టీచరు

మీ పుస్తకాన్నే నమ్మండి. నేను చదువుకునే రోజుల్లో అందరూ పదివేల కోట్లనే అనేవారు. ఎవరు లెక్కపెట్టారని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో-హౌజెల్ అడిగారు. ఆవిడ బృందం మెదడును డిటర్జెంటు కలిపిన ద్రావణంలో నూరి ఒక రకం పులుసు చేసింది. కణాల పొరలు కరిగిపోతాయి, కేంద్రకాలు మాత్రం నిలుస్తాయి. బాగా కలిపి, కొద్ది చుక్కలు తీసి, అందులో న్యూరాన్ల కేంద్రకాలెన్నో లెక్కపెడితే మొత్తం తెలిసిపోతుంది. 2009లో తేలిన సగటు 8,600 కోట్లు. అందులో దాదాపు 6,900 కోట్లు వెనకాల ఉండే చిన్నమెదడువే. మనం గొప్పగా చెప్పుకునే కార్టెక్స్, అంటే పెద్దమెదడు పైపొర, దాని వాటా 1,600 కోట్లు. పాత అలవాటు కొద్దీ పాత అంకె రాసేశాను, క్షమించండి.

ప్రశ్న: జన్యువుల్లో మెదడు బొమ్మ గీసి ఉంటుందా? ఇల్లు కట్టాలంటే మేస్త్రీ ఉంటాడు. ఏ కణం ఎక్కడికెళ్లాలో చెప్పే మేస్త్రీ ఇక్కడ ఎవరు? – జీవశాస్త్రం చదువుతున్న విద్యార్థి

నాయనా, మేస్త్రీ లేడు. బొమ్మా లేదు. ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు మనకున్నవి సుమారు 20,000. అన్ని వేల కోట్ల కణాలకు పేరుపేరునా చిరునామా రాయాలంటే ఆ కాగితం ఏ మూలకు? జన్యువులో ఉండేది ‘పక్కనున్నది ఇలా అంటే నువ్వు ఇలా చెయ్యి’ అనే తరహా మాట. ఇరుగుపొరుగు మాటల మీదే ఇంత కట్టడమూ లేస్తుంది. ఎలాగో మొదట్నుంచీ చెబుతాను, ఓపిగ్గా చదువు.

మనిషి పిండానికి మూడో వారంలో వీపు వైపు కణాలు ఒక పలకలా మందమవుతాయి. ఆ కణాలు చర్మం కావాల్సిన వాటికి తోబుట్టువులే. మరి ‘మీరు నాడీకణాలవ్వండి’ అని వీటికి ఎవరు చెప్పారు? దీని మొదటి ఆచూకీ పాలిచ్చే జంతువుల్లో దొరకలేదు, న్యూట్ అనే ఉభయచరంలో దొరికింది. జర్మనీలో హాన్స్ స్పీమన్ దగ్గర పరిశోధన చేసిన హిల్డే మాంగోల్డ్ ఒక పిండంలోంచి చిటికెడు కణజాలం తీసి మరో పిండం పొట్టవైపు అతికించింది. అక్కడ రెండో వెన్ను, రెండో నాడీ నాళం మొలిచాయి. తమాషా ఏమిటంటే, ఆ కొత్త నాళంలో ఎక్కువ కణాలు అతిథివి కావు, ఇంటివాళ్లవే. పొట్టచర్మం కావాల్సిన కణాలు పక్కకొచ్చిన కొత్తవాళ్ల మాట విని మెదడు దారి పట్టాయి. 1924లో ఆ ఫలితం అచ్చయింది. అదే ఏడాది ఆమె ఇంట్లో జరిగిన అగ్నిప్రమాదంలో చనిపోయింది. 1935లో నోబెల్ స్పీమన్‌కు వచ్చింది.

సరే, ఆ పలక మధ్యలో గుంట పడుతుంది, రెండంచులూ లేచి ఒకదానికొకటి అంటుకుంటాయి, గొట్టం తయారవుతుంది. అదే నాడీ నాళం. ముందుకొస మూడు బుడగలుగా ఉబ్బి, ఆ మూడూ ఐదవుతాయి. వెనక భాగం వెన్నుపాము. గొట్టం లోపలి బోలు ఎక్కడికీ పోదు. పెద్దయ్యాక మెదడు నడుమ ద్రవంతో నిండి ఉండే గదులు అవే.

ఇక నాకు ఇష్టమైన ఘట్టం. గొట్టం గోడలో కార్టెక్స్ కట్టే చోట పొడవాటి కణాలుంటాయి. వాటిని రేడియల్ గ్లియా అంటారు. ఒక కాలు లోపలి బోలు దగ్గర, ఇంకో కాలు పైఅంచు దగ్గర. విభజన జరిగేది లోపలి అంచునే. కొత్తగా పుట్టిన న్యూరాన్ ఆ పొడవాటి కణాన్నే తాడులా పట్టుకుని పైకి పాకుతుంది. పాష్కో రాకిచ్ 1972లో కోతి పిండాల్లో దీన్ని వివరంగా చూపించాడు. అప్పట్లో ఆ తాడు వట్టి తాడే అనుకున్నాం. 2000, 2001లలో తేలిందేమిటంటే ఆ తాళ్లే న్యూరాన్ల తల్లులు కూడా. బిడ్డ తల్లి భుజాలెక్కి పైకి పోతోందన్నమాట. అంతకుముందు పదేళ్లు అవే కణాలను చూస్తూ నేను ‘ఆసరా కణాలు’ అని పాఠం చెప్పాను.

వరస కూడా విచిత్రం. గోడ కడితే మొదటి వరస కింద, తర్వాతి వరస దాని పైన, ఇంతవరకూ మామూలే. కానీ గోడ కట్టేటప్పుడు కొత్త ఇటుకను పాత వరసల్లోంచి దూర్చి పైకి తేవడం ఎక్కడైనా చూశావా? కార్టెక్స్‌లో అదే జరుగుతుంది. ముందు పుట్టినవి అడుగు పొరల్లో ఆగుతాయి, ఆలస్యంగా పుట్టినవి అన్నల మధ్య సందుల్లోంచి దూరి వాళ్లను దాటి పైన కూర్చుంటాయి. 1961లో ఆంజెవైన్, సిడ్మన్ అనే ఇద్దరు గర్భంతో ఉన్న ఎలుకలకు, కొత్తగా పుట్టే కణాల డీఎన్‌ఏలో చేరిపోయే రేడియోధార్మిక థైమిడిన్ ఇచ్చి ఏ రోజు పుట్టిన కణం ఏ పొర చేరిందో చూపారు.

ఎక్కడ ఆగాలో చెప్పేది పైఅంచున ముందే చేరి కూర్చున్న కాహాల్-రెట్జియస్ కణాలు. అవి రీలిన్ అనే ప్రొటీన్ వదులుతాయి. అది లేకపోతే ఏమవుతుందో రీలర్ అనే ఎలుకలో చూడొచ్చు. తూలుతూ నడుస్తుంది గనక ఆ పేరు. 1951లో ఫాల్కనర్ వర్ణించాడు, జన్యువు దొరికింది మాత్రం 1995లో. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు రెండు స్లైడ్లిచ్చి తేడా చెప్పమన్నారు. ఒకదాంట్లో అంతా మామూలే: ఊదారంగు చుక్కలు పొరలుపొరలుగా, ఐదో పొరలో పెద్ద పెద్ద కణాలు అడుగువైపు. రెండోదాంట్లో ఆ పెద్ద కణాలు పైకొచ్చి చెల్లాచెదురుగా ఉన్నాయి. స్లైడు తలకిందులుగా పెట్టానేమో అనుకుని తిప్పి పెట్టాను. అప్పుడు బోలు పైకొచ్చింది! మళ్లీ తిప్పాను. నాలుగుసార్లు తిప్పాక, వెనక నిలబడ్డ మా పెద్దాయన ‘స్లైడు సరిగ్గానే ఉందమ్మా, ఎలుకే తలకిందులైంది’ అన్నారు.

పొరలు చేరిన అన్నల సంగతి ఇది. ఇంకో రకం కూడా ఉన్నాయి. ఎదుటి కణాన్ని ‘కాస్త ఆగు’ అని నెమ్మదింపజేసే న్యూరాన్లలో ఎక్కువ భాగం కార్టెక్స్ గోడలో పుట్టవు. కింద వేరేచోట పుట్టి, అడ్డంగా చాలా దూరం నడిచి వచ్చి చేరతాయి. 1997లో ఎలుకలో ఇది బయటపడేదాకా అన్నీ ఒకే ఇంటి పిల్లలనుకున్నాం.

చోటు దొరికాక తీగలు వేసుకోవాలి. ప్రతి న్యూరాన్ ఒక పొడవాటి తీగ చాస్తుంది, దాని కొస చేతివేళ్లలా కదులుతూ దారి తడుముకుంటుంది. దాన్ని రమ్మనే రసాయనాలుంటాయి, పొమ్మనేవీ ఉంటాయి. 1994లో దొరికిన ఒక రసాయనం వెన్నుపాములో తీగలను మధ్యగీత వైపు నడిపిస్తుంది. దానికి నెట్రిన్ అని పేరు పెట్టారు, నడిపించేవాడు అనే అర్థమున్న ‘నేతృ’ అనే సంస్కృత మాట నుంచి. మన నేత, నేతృత్వం ఆ కుటుంబమే. క్లాసులో ఈ పేరు ఎవరికీ మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

ఇంతదాకా రసాయనాల సంభాషణ. ఆ తర్వాత శరీరం కూడా మాట కలుపుతుంది. ఎలుక కార్టెక్స్‌ను చపాతీలా చదును చేసి, పైకి సమాంతరంగా కోసి, సైటోక్రోమ్ ఆక్సిడేజ్ రంగు పట్టిస్తే ఒకచోట గోధుమరంగు మచ్చలు ఐదు వరసల్లో తేలతాయి. ఎలుక మూతి మీద పెద్ద మీసాలెన్నో, ఏ వరసలో ఉన్నాయో, మచ్చలూ అన్నే, అదే వరసలో. ఒక మీసానికి ఒక మచ్చ. 1970లో వూల్సీ, వాన్ డెర్ లూస్ వీటిని కనిపెట్టి ‘పీపాలు’ అని పేరు పెట్టారు. పుట్టిన తొలి రోజుల్లో ఒక వరస మీసాల కుదుళ్లు దెబ్బతింటే ఆ వరస పీపాలు ఏర్పడవు. వారం దాటాక దెబ్బతింటే ఉన్నవి చెక్కుచెదరవు. అదనపు మీసంతో పుట్టే ఎలుకలనూ పెంచారు, వాటికి అదనపు పీపా వచ్చింది. ఆ అదనపు పీపాను ముందే ఏ బొమ్మలో గీసి ఉంటారు చెప్పు? మూతి మీద మీసం మొలిచింది, అక్కడి నరం పైకి కబురు పంపింది, కార్టెక్స్ చోటిచ్చింది.

చివరికి మిగిలేది కత్తిరింపు. పుట్టిన న్యూరాన్లన్నీ బతకవు. చాలా చోట్ల సగానికి సగం పోతాయి. చేరినచోట తనకు కావాల్సిన పోషక ప్రొటీను అందుకోలేని న్యూరాన్ తనను తానే ముగించుకుంటుంది. అలాంటి ప్రొటీన్లలో మొదటిదాన్ని పట్టుకున్నవాళ్లలో రీటా లెవీ-మొంటాల్చీనీ ఒకరు. యూదుల మీద తెచ్చిన జాతి చట్టాల పేరుతో విశ్వవిద్యాలయం తలుపులు మూసేస్తే, యుద్ధకాలంలో పడగ్గదిలోనే కోడిగుడ్ల పిండాలు కోసుకుంటూ కూర్చున్న ఇటలీ మహిళ. 1986లో నోబెల్ అందుకుంది. నా టేబులు మీద ఎవరి ఫొటో అయినా ఉందంటే అది ఆవిడదే.

ప్రశ్న: నాకిప్పుడు పదో వారం. ఫోలిక్ యాసిడ్ మాత్రలు పోయిన వారమే మొదలుపెట్టాను. ఆలస్యమైందా? బిడ్డ మెదడుకు ప్రమాదమా? – ఒక పాఠకురాలు

అమ్మా, ముందు భయం తీసేయండి. ఆ మాత్ర ఇచ్చేది నాడీ నాళం సరిగ్గా మూసుకోని లోపం రాకుండా. మాత్ర వేసుకోనివాళ్లలో కూడా అత్యధికులకు బిడ్డలు ఈ లోపం లేకుండానే పుడతారు.

పైన చెప్పిన గొట్టం మూసుకోవడం పిండం ఏర్పడ్డాక దాదాపు 28వ రోజుకల్లా అయిపోతుంది. అప్పటికి బిడ్డ పొడవు కొద్ది మిల్లీమీటర్లే. నెల తప్పిందని చాలామంది గమనించే సమయానికి ఆ పని సగం అయి ఉంటుంది. తలవైపు మూసుకోకపోతే మెదడు ఏర్పడదు, అలాంటి బిడ్డ బతకడు. కిందివైపు మూసుకోకపోతే స్పైనా బిఫిడా, అంటే వెన్ను సరిగ్గా మూసుకోని లోపం. 1991లో వెలువడ్డ బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి అధ్యయనంలో, అంతకుముందు ఇలాంటి బిడ్డ కలిగిన తల్లులకు గర్భానికి ముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇస్తే, మళ్లీ అలా జరగడం 72 శాతం తగ్గింది. తేడా అంత స్పష్టంగా కనబడ్డాక, మిగతావాళ్లకు ఇవ్వకుండా ఉండటం న్యాయం కాదని అధ్యయనాన్ని ముందుగానే ఆపేశారు. మామూలుగా గర్భం కోరుకునే స్త్రీలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు 400 మైక్రోగ్రాములు, ప్రయత్నం మొదలుపెట్టినప్పటి నుంచి 12 వారాల దాకా.

మీ విషయంలో ఆ గొట్టం మూసుకునే సమయం ఎప్పుడో దాటిపోయింది. మాత్ర మానకండి, మీ డాక్టరు చెప్పినన్నాళ్లు వేసుకోండి. వెన్ను, తల స్కానులో చూస్తారు, అప్పుడు సందేహాలుంటే నేరుగా అడగండి. పెళ్లయిన మీ చెల్లెలుందని రాశారు కదా, ఈ కాలమ్ ఆవిడకివ్వండి.

ప్రశ్న: ఎలుక మెదడు చూసి మనిషి మెదడు గురించి చెప్పడం ఏం శాస్త్రం? దానికి మడతలే లేవు కదా! – ఒక సందేహజీవి

మీ ఎత్తిపొడుపు బాగుంది, అందులో సగం నిజం కూడా. ఎలుక మెదడు నున్నగా ఉంటుంది, మొత్తం న్యూరాన్లు ఏడు కోట్ల చిల్లర. కానీ గొట్టం, తాళ్లు, లోపలి నుంచి పైకి పోయే వరస, ఇవన్నీ పాలిచ్చే జంతువులన్నిటికీ ఉమ్మడి. మారేది గడువు. ఎలుక గర్భం 19-20 రోజులు, అందులో కార్టెక్స్ న్యూరాన్ల తయారీకి పట్టేది ఒక వారం. మనకు నెలలు పడుతుంది. ఎక్కువకాలం తల్లికణాలు విభజన చెందితే ఎక్కువ న్యూరాన్లు.

మడతల మాటకొస్తే, మనిషి బిడ్డ మెదడూ కడుపులో 20 వారాల దాకా దాదాపు నున్నగానే ఉంటుంది, అక్కడక్కడా ఒకటి రెండు చాళ్లు తప్ప. మనకు అదనంగా ఉన్నది గోడ బయటివైపున మరో జట్టు తల్లికణాలు. ఎలుకలో అవి నామమాత్రం. మనుషుల్లోనే ఉండే ఏఆర్‌హెచ్‌జీఏపీ11బీ అనే జన్యువును 2015లో ఎలుక పిండాల మెదడులో పెడితే తల్లికణాలు పెరిగి, కొన్నిట్లో మడతలు కూడా పడ్డాయి. ఎలుక చెప్పలేనిది ఎలుకతోనే చెప్పించారు చూశారా.

ప్రశ్న: మా పాపకు నాలుగు నెలలు. మూడేళ్లలోపే మెదడు కట్టడం పూర్తవుతుందనీ, ఫ్లాష్ కార్డులు, ప్రత్యేక సంగీతం కొనమనీ అంటున్నారు. కొనాలా? – ఒక తండ్రి

కొనకండి. కొన్నారు గనక పాప చెడిపోదు, కానీ డబ్బు మిగుల్చుకోండి.

ఈ భయం ఒక నిజం లోంచి పుట్టింది. హ్యూబెల్, వీసెల్ అనే శాస్త్రవేత్తలు 1960లలో పిల్లికూనల ఒక కంటిరెప్పను తొలి నెలల్లో కుట్టేసి, తర్వాత తెరిచారు. కన్ను బాగానే ఉంది, కార్టెక్స్‌లో మాత్రం ఆ కంటికి పలికే కణాలు దాదాపు లేవు. రెండో కన్ను ఆ చోటంతా ఆక్రమించేసింది. పెద్దపిల్లికి అదే చేస్తే ఏమీ కాలేదు. 1981లో వాళ్లకు నోబెల్ వచ్చింది. అంతకన్నా ముఖ్యం, పుట్టుకతోనే కంట్లో దట్టమైన శుక్లం ఉన్న బిడ్డలకు తొలి వారాల్లోనే ఆపరేషన్ చేయాలని వైద్యులకు తెలిసొచ్చింది. ‘కాస్త పెద్దయ్యాక చూద్దాం’ అంటే కన్ను బాగుపడినా చూపు సరిగ్గా రాదు. వినికిడి లోపం సంగతీ అంతే. పాపను కొనే బొమ్మలతో కాక ఈ రెండు పరీక్షలతో ఆదుకోండి: చూపు, వినికిడి. కనుపాప తెల్లగా కనిపించినా, పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడకపోయినా ఆగకుండా డాక్టరుకు చూపించండి.

పిల్లికూనకు లేకుండా చేసింది మామూలు వెలుగు. ప్రత్యేకమైన వెలుగేమీ కాదు. మీ పాప మెదడు ఎదురుచూసేది కూడా మామూలువాటి కోసమే: ముఖాలు, మాటలు, వెలుగు, పట్టుకుని లాగడానికి మీ జుట్టు. అసలు కళ్లు తెరవకముందే మెదడు సాధన మొదలుపెడుతుంది. ఎలుకపిల్ల పుట్టిన పన్నెండు, పద్నాలుగు రోజులకు గానీ కళ్లు తెరవదు. ఆలోపే దాని రెటీనాలో వాటంతటవే కరెంటు అలలు లేచి, మెదడులో తీగలు సర్దుతుంటాయి. ఫ్లాష్ కార్డు చూపించేవాళ్లెవరూ లేరక్కడ.

మూడేళ్లకు పూర్తవడమన్నది కూడా తప్పే. పాప మెదడులో చూపు ప్రాంతాన సినాప్సులు, అంటే న్యూరాన్లు ఒకదానితో ఒకటి కలిసే చోట్లు, మొదటి ఏడాదిలోనే, ఎనిమిదో నెల ప్రాంతంలో, గరిష్ఠానికి చేరి ఆ తర్వాత ఏళ్ల తరబడి పలచబడతాయి. నుదుటి వెనక భాగంలో ఆ కోత యౌవనం దాకా సాగుతుంది. తీగల మీద కొవ్వు తొడుగు పడటం ఇరవైలలో కూడా జరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: పెద్దవాళ్లలో కొత్త న్యూరాన్లు పుడతాయా? నాకు 71 నిండాయి. – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

మాస్టారూ, జ్ఞాపకాలతో పనిచేసే హిప్పోక్యాంపస్‌లో పుడతాయా లేదా అని మావాళ్లు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. కార్టెక్స్ సంగతి మాత్రం తేలిపోయింది, అదీ అణుబాంబుల పుణ్యాన. 1950లు, 60లలో ఆరుబయట జరిపిన పరీక్షలతో గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక రకం కార్బన్ ఒక్కసారిగా పెరిగింది, ఆ తర్వాత ఏటా తగ్గుతూ వచ్చింది. కణం పుట్టిన ఏడు గాలిలో అది ఎంతుందో ఆ ముద్రే దాని డీఎన్‌ఏలో ఉండిపోతుంది. చనిపోయినవారి కార్టెక్స్‌ను అలా పరీక్షిస్తే, న్యూరాన్ల వయసూ మనిషి వయసూ ఒకటే అని 2006లో అచ్చయిన పరిశోధనలో వచ్చింది. మీ కార్టెక్స్‌లోవీ మీతోబాటు వచ్చినవే. లెక్క సరిగ్గా కావాలంటే అమ్మ కడుపులో పుట్టాయి గనక 71కి ఇంకో మూడు నుంచి ఏడు నెలలు కలుపుకోండి.